రోట్లోకి తిరిగి చేరాల్సిన రాయి

మా అవ్వ మోకాలి ఆపరేషన్‌కు ఒప్పుకుంది, ఒక షరతు మీద. కృష్ణ ఒడ్డు బండల్లో ఉన్న రోట్లోకి తన రాయి తిరిగి చేరేదాకా దవాఖానలో అడుగు పెట్టదట. నాన్న పుట్టకముందు, బిడ్డ నిలవాలని మొక్కుకుని అక్కణ్ణుంచి తెచ్చుకున్న గుండ్రాయి అది. కోరిక తీరాక వెనక్కి వేయాలి, అడుగున తగిలిన చప్పుడు చెవిన పడాలి. అప్పట్లో అత్తగారు పంపలేదు. తర్వాత తీరిక దొరకలేదు. నాన్నకు యాభై ఆరేళ్లొచ్చినా రాయి దేవుడి గూట్లోనే ఉంది.

ఆ చోటు ఇప్పుడు రక్షిత ప్రాంతం. భీముడు ఇక్కడ జొన్నలు దంచాడని గేటు దగ్గరి బోర్డు చెబుతోంది. బాట పక్కన లెక్కపెట్టాను: పదిహేడు రోళ్లు. ఒక్కడికి పదిహేడెందుకో బోర్డు రాసినవాడికి తోచలేదు. వరద సుడిలో పడ్డ గుండ్రాళ్లు గిరగిరా తిరిగి వేల ఏళ్లపాటు గ్రానైటును తొలిస్తే పడ్డ గుంతలివి. నాలా సివిల్ ఇంజనీరింగే చదవక్కర్లేదు, పిండి రుబ్బినవాళ్లెవరికైనా అర్థమయ్యే సంగతి. మనవాళ్లు ఆ తొలిచే పనిముట్టునే మొక్కు పేరుతో ఇళ్లకు మోసుకుపోయారు.

కాపలాదారు సంచి వెతికి, రాళ్లు తీసుకెళ్లడం నిషేధమన్నాడు. తీసుకెళ్లడం లేదు, తెచ్చామన్నాను. తేవడానికి అనుమతి ఉందని ఎక్కడా రాయలేదు కాబట్టి అదీ నిషేధమే అన్నాడు. ఇలాంటి తర్కానికి జీతమిస్తారు.

అవ్వ నన్ను పక్కకు జరిపి కాపలాదారును అడిగింది. "మీ అమ్మ ఏ రోట్ల ఏసింది బిడ్డా?"

అతను సంచి తిరిగిచ్చి, చివరి రోలు చూపించాడు.

అవ్వ వంగలేదు గనుక నేనే బోర్లా పడుకుని రాయి వదిలాను.

"చప్పుడేదిరా?"

"పడ్డది కదవ్వా."

"మెత్తగ పడ్డది. అది లెక్కల రాదు. తియ్."

భుజం దాకా చెయ్యి దూర్చి బయటికి లాగినవి: చిప్స్ ప్యాకెట్లు ఆరు, నీళ్ల సీసాలు మూడు, కొబ్బరి చిప్పలు రెండు, చంటిపిల్ల చెప్పొకటి. గుట్కా పొట్లాలు లెక్కపెట్టలేదు. ఇవి పారేసింది చేతులు జోడించిన భక్తులే, నదికి ఆ అలవాటు లేదు. ఊడ్చే కాంట్రాక్టు బాట వరకేనని కాపలాదారు వివరించాడు.

అన్నిటికన్నా అడుగున రాయి దొరికింది. మళ్లీ వదిలాను. ఠంగుమంది.

అవ్వ, "ఇన్నా చప్పుడు. దవాఖానకు ఫోన్ చెయ్" అంది. నా చెయ్యి మోచేయి పైదాకా జిగురు. అవ్వ కొంగు అందించింది. తుడుచుకుని డాక్టరు నంబరు నొక్కాను.