ఆ పాట తొంభై ఒకటిది

పిల్లనగ్రోవి పాట తొంభై ఒకటిలో వచ్చింది. తొంభై రెండులో కాదు. ఆ సంగతి తెలిసి కూడా నేను తొంభై రెండని చెప్పాను. చెప్పి ఊరుకోలేదు, అట్ట మీద రాసి పదిమందికీ చూపించాను. ఇంత చిన్న విషయం గురించి ఇన్నేళ్ళ తరువాత రాయడమెందుకని చదివేవాళ్ళకు అనిపించవచ్చు. పాట ఒక్కటే అయితే నేనూ రాసేవాణ్ణి కాదు. ఆ పాటతో పాటు ఒక ఆడమనిషి పెళ్ళి తేదీ కూడా నా అబద్ధంలో ఇరుక్కుపోయింది.

బోగోలుకు దగ్గర్లో, మా ఊళ్ళో బస్సు ఆగే చోట నాకు క్యాసెట్ల అంగడి ఉండేది. అప్పట్లో కంపెనీ క్యాసెట్టు కొనేవాళ్ళు తక్కువ. నచ్చిన పాటలన్నీ ఒక కాగితం మీద రాసుకొచ్చి ఇస్తే, ఖాళీ క్యాసెట్టులో ఎక్కించి ఇచ్చేవాణ్ణి. చదువు రానివాళ్ళు పాడి వినిపించేవాళ్ళు. రెండు ముక్కలు వింటే చాలు, ఏ సినిమాలోదో చెప్పేవాణ్ణి. డబ్బాలో పెట్టే అట్ట మీద పాటల పేర్లు నీలం సిరాతో, పక్కన ఆ పాట వచ్చిన సంవత్సరం ఎర్ర సిరాతో రాసేవాణ్ణి. సంవత్సరం రాసే అంగడి చుట్టుపక్కల ఇంకొకటి లేదు. పాటల గురించి ఏ తగువు వచ్చినా "అంగడికి పోయి ఎర్ర అంకె చూసుకోండి" అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపు నిండినట్టుండేది.

ఊరికి సముద్రం వైపున పాళెం ఉంది. అక్కడ అందరూ చేపలవేట మీద బతికేవాళ్ళు. నా నేస్తం ఆ పాళెం వాడే. నాకంటే రెండేళ్ళు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. వేట నుంచి వచ్చి, చేపలు అమ్ముడుపోయాక, ఉప్పు ఆరిన చొక్కాతోనే నా అంగడి ముందున్న బల్ల మీదకు చేరేవాడు. వేట లేని రోజుల్లో మైకుసెట్టు తీసుకుని పెళ్ళిళ్ళకు పోయేవాడు. అతనికి అక్షరాలు రావు. అయితే ఏ పాట మొదటిసారి ఎవరి పెళ్ళిలో వేశాడో, ఆ రోజు వాన పడిందో లేదో కూడా చెప్పగలడు. పాళెంలో చాలామంది లెక్క అంతే. ఫలానా పాట వచ్చిన యేడు కొత్త వల తెచ్చాం, ఫలానా పాట వచ్చిన యేడు ఇల్లు కప్పించాం అనేవాళ్ళు.

మా ఇద్దరికీ ఒక వాదన ఉండేది. ఏ యేడు పాటలు గొప్పవి అని. నేను తొంభై రెండు అనేవాణ్ణి, అతను తొంభై ఒకటి.

"నువ్వు అంగడి తెరిచిన యేడని చెప్పరాదా," అనేవాడు. "నువ్వు రిబ్బను కత్తిరించినావని పాటలు మంచివైపోతాయా?"

"తొంభై ఒకటి, తొంభై ఒకటి అంటావే, ఆ అంకె పలక మీద రాయమంటే రాయగలవా అన్నా?"

"రాయలేనబ్బా. నువ్వు రాయి, నేను ఇంటా. పాట ఉండేది ఇనేదానికా, రాసేదానికా?"

బల్ల మీదున్న వాళ్ళంతా నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. కాని డిగ్రీ దాకా చదివినవాణ్ణి, ఆ నవ్వు లోపల ఎక్కడో గుచ్చుకునేది.

ఈ వాదన ఏళ్ళ తరబడి సాగింది. బస్సు కండక్టరు కూడా తల బయటికి పెట్టి "ఏమయ్యా, తేలిందా?" అని అడిగి పోయేవాడు. చివరికి తొంభై ఏడులో పక్కనున్న టీ అంగడి పెద్దాయన ఒక దారి చెప్పాడు. పిల్లనగ్రోవి పాట అన్నిటికంటే గొప్పదని ఇద్దరమూ ఒప్పుకునేవాళ్ళం. అది ఏ యేటిదైతే ఆ యేడే గెలిచినట్టు. ఓడినవాడు అందరికీ మిరపకాయ బజ్జీలు తినిపించాలి. ఆదివారం పొద్దున తేల్చుకుందామని అనుకున్నాం.

శనివారం మధ్యాహ్నం ఆ పాట ఉన్న కంపెనీ క్యాసెట్టు వెతికి తీశాను. అది తొంభై రెండుదేనని నా గట్టి నమ్మకం. అట్టకు అడుగున సన్నని అక్షరాల్లో సంవత్సరం వేసి ఉంది. తొంభై ఒకటి. రెండుసార్లు చూశాను, భూతద్దం పెట్టి మళ్ళీ చూశాను. నాలుగు పొట్లాల బజ్జీలతో పోయే ఓటమి. ఐతే ఎర్ర అంకెలు రాసేవాణ్ణి, అంకె రాయడం రానివాడి చేతిలో ఓడిపోవాలా అనిపించింది. కంపెనీ అట్ట తీసి బల్ల సొరుగులో పరిచిన పాత పేపరు కిందికి తోశాను. నా అంగడి అట్ట ఒకటి తీసుకుని పాట పేరు రాసి, పక్కన ఎర్ర సిరాతో తొంభై రెండు వేశాను. సిరా ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాను.

మర్నాడు జనం బాగానే చేరారు. అదే సమయానికి నా నేస్తం చెల్లెలు పుట్టింటి నుంచి అత్తగారి ఊరికి పోతూ కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది. వాళ్ళది అల్లూరు వైపు.

"బాగుండావా అన్నా? అల్లూరు బస్సు పోయిందా?" అంది.

"ఇంకా రాలేదు చెల్లెమ్మా, కూర్చో." అంగడిలోంచి స్టూలు తెచ్చి వేశాను. "పాప పెద్దదైందే!"

"మొన్న శ్రావణానికి ఐదు నిండినాయన్నా. బళ్ళో యేసినాం. పోనని ఒకటే ఏడుపు."

పాపకు ఒక చాక్లెట్టు ఇచ్చాను కూడా.

తరువాత అట్ట తీసి టీ అంగడి పెద్దాయన చేతికిచ్చాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని "తొంభై రెండు" అని చదివాడు. నా నేస్తం ఆ అట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అదెట్టబ్బా? మా చెల్లెలి పెళ్ళి తొంభై ఒకటి వైశాఖంలో. తాళి కట్టంగానే ఈ పాటే ఏసినాను. మైకు గొట్టం నా చేత్తో కట్టినాను. ఊరంతా ఇనింది. కావాలంటే అడుగు."

ముసలివాళ్ళు ఇద్దరు తలలూపారు. "అవునబ్బా, ఏసినట్టే గుర్తుండాది," అని ఒకాయన అన్నాడు. అట్ట టీ అంగడి బల్ల మీద పడి ఉంది. ఎవరూ దానివైపు చూడడం లేదు, అందరూ అతని మొహంలోకి చూస్తున్నారు. ఓడిపోతున్నానని తెలిసిపోయింది. అప్పుడు ఆ మాట అన్నాను.

"పాట వచ్చింది తొంభై రెండు దీపావళికన్నా. ఈ పాటకి తాళి కట్టినారంటే పెళ్ళి ఆ తరవాతే గదా. మరి పాప ఆ యేడు శ్రావణానికే ఎట్ట పుట్టిందబ్బా? అంత తొందరేమొచ్చింది?"

అందరూ గొల్లున నవ్వారు. టీ అంగడి పెద్దాయన చేతిలో గ్లాసు తొణికింది. నా నేస్తం నావైపు చూశాడు, తరువాత చెల్లెలివైపు చూశాడు. ఆమె స్టూలు మీది నుంచి లేచింది. ఎవరి మొహమూ చూడలేదు. పాప చెయ్యి పట్టుకుని, బస్సు కోసం ఆగకుండా, ఎండలో రోడ్డు వెంట తరువాతి స్టాపు వైపు నడిచింది. పాప మాత్రం చాక్లెట్టు చప్పరిస్తూ మాకేసి వెనక్కి తిరిగి చూసింది.

"బజ్జీలకి చెప్పినాను, వస్తాయి. తినండబ్బా," అని నా నేస్తం చెల్లెలి వెనకే పోయాడు.

బజ్జీలు వచ్చాయి. అందరం తిన్నాం. నేనూ తిన్నాను.

ఆ తరువాత అతను నా బల్ల మీద కూర్చోలేదు. మరుసటి యేడు మైకుసెట్టు అమ్మేశాడని విన్నాను. రోడ్డు మీద ఎదురుపడితే "బాగుండావా" అనేవాడు, అంతే. సరదాకి అన్న మాటే కదా, ఇంత పట్టింపా అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. కొన్నాళ్ళకు క్యాసెట్లు పోయాయి, అంగడి మూతపడింది. ఇప్పుడు రొయ్యల చెరువులకు మేత అమ్ముతున్నాను. నా అబద్ధం మాత్రం మూతపడలేదు. చేపల గంపలతో, బస్సులతో ఊళ్ళు తిరిగింది. ఎవరైనా ఏదన్నా సంవత్సరం తప్పు చెబితే "ఏంది, పిల్లనగ్రోవి పెళ్ళా?" అని నవ్వడం మా వైపు అలవాటైపోయింది. నా ఎదుటే ఎన్నోసార్లు అన్నారు. ఒక్కసారి కూడా నేను నోరు తెరవలేదు. మొదటి మాట కోపంలో వచ్చిందని అనుకోవచ్చు. ఇన్నేళ్ళ మౌనానికి అలా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

పోయిన నెల ఫోన్లో మా ఊరి గ్రూపులో ఎవరో మళ్ళీ అదే ప్రశ్న వేశారు, ఏ యేడు పాటలు గొప్పవని. గంటలో యాభై అరవై జవాబులు వచ్చాయి. ఒకతను పాత కథంతా రాశాడు, పాట, పెళ్ళి, పాప, అన్నీ. కింద నవ్వే బొమ్మలు వరసకట్టాయి. చెయ్యి అలవాటున నేనూ ఒకటి పెట్టాను. కాసేపటికి, నా దగ్గర పేరు లేని నంబరు నుంచి ఇలా వచ్చింది.

"ఆ పాపను నేనే. మా నాయనమ్మ అన్నీ తెలిసి కూడా, బతికున్నన్నాళ్ళూ ఏ చిన్న తగువొచ్చినా మా అమ్మను ఈ మాటతోనే పొడిచింది. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, ఇది నిజమేనామ్మా అని నేను కూడా అడిగినాను. ఆ రోజు మా అమ్మ అన్నం తినలేదు. మీరు నవ్వుకోండి."

తరువాత ఆ నంబరు గ్రూపులోంచి వెళ్ళిపోయింది. చాలాసేపటికి ఒకతను "పాట తొంభై ఒకటిదేనబ్బా, ఫోన్లో చూస్తే చూపిస్తా ఉండాది" అని రాశాడు. మరి తొంభై రెండని మొదట రాసిందెవరని ఎవరూ అడగలేదు.

అంగడి బల్ల ఇప్పుడు మా ఇంటి వరండాలో ఉంది. సొరుగు లాగి పేపరు ఎత్తాను. కంపెనీ అట్ట అక్కడే అంటుకుపోయి ఉంది, మెల్లగా ఊడదీస్తే ఒక మూల చిరిగింది. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని పాళెం వెళ్ళాను. నా నేస్తం వాకిట్లో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. జుట్టంతా నెరిసింది. నేను చేసినదంతా చెప్పి అట్ట చేతికిచ్చాను. అప్పటిలాగే అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాడు.

"పాట సంగతి నాకు తెలవదా? ఏసింది నేను," అన్నాడు. "నాకెందుకు చెప్తుండావు? ఆమె లోపల ఉండాది, నాలుగు రోజులు ఉండి పోదామని వచ్చింది."

ఆమె తలుపు దగ్గరే నిలబడి అంతా విన్నట్టుంది. బయటికి వచ్చింది. తప్పయింది చెల్లెమ్మా అన్నాను.

"నా పెళ్ళి ఎప్పుడైందో నాకు తెలవదా? నాకు చెప్తే ఏమొస్తాదండీ," అంది. ఒకప్పుడు అన్నా అని పిలిచిన మనిషి. "ఆడ పదిమందిలో అన్నారు. ఆడనే చెప్పండి. నేనొచ్చి నిలబడతా."

ఆదివారం పొద్దున పదింటికి బస్టాపు దగ్గరికి వెళ్ళాను. అన్నాచెల్లెళ్ళిద్దరూ ముందే వచ్చి ఉన్నారు. టీ అంగడి ఇప్పుడు వేరే వాళ్ళది. ఆ పెద్దాయన చనిపోయి చాలా కాలమైంది. తలలూపిన ముసలివాళ్ళూ లేరు. కావలి బస్సు కోసం నిలబడ్డ కుర్రవాళ్ళు ఆరేడుగురు, నాకు ముఖం తెలియని ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు, అంతే. గొంతు పెంచి చెప్పాను. పాట తొంభై ఒకటిదని, అట్ట దాచింది నేనని, దొంగ అంకె రాసింది నేనని, ఈమె పెళ్ళి తొంభై ఒకటి వైశాఖంలో జరిగిందని, బిడ్డ మరుసటి యేడు శ్రావణంలో పుట్టిందని, నేనన్న మాట పచ్చి అబద్ధమని.

ఒక కుర్రవాడు చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, "పాట కోసం ఇంత జరిగిందా సార్?" అన్నాడు.

"ఇంతకీ ఏ యేడు గొప్పది సార్?" అని ఇంకొకడు అడిగాడు. వాడి తప్పేమీ లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

ఆమె చివరిదాకా కదలకుండా నిలబడి వింది. తరువాత నాతో కాదు, అన్నతో అంది. "ఆ పొద్దు నవ్వినోళ్ళు ఒక్కరన్నా లేరేన్నా ఈడ."

అల్లూరు బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది. నా నేస్తం సంచీ అందించి, బస్సు కదిలేదాకా ఉండి, పాళెం వైపు నడిచాడు. టీ తాగుదాం రా అన్నా అని పిలిచాను. "పనుండాదబ్బా" అన్నాడు.

ఆమె అన్నది నిజం. ఆ రోజు నవ్వినవాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో, వాళ్ళు ఎవరెవరికి చెప్పారో నాకు తెలియదు. బస్టాపులో చెప్పిన మాట వాళ్ళను చేరదు. అందుకే రాస్తున్నాను. పిల్లనగ్రోవి పెళ్ళని ఎవరైనా మీ ఎదుట నవ్వితే, ఒక్క నిమిషం ఆపి ఇది చెప్పండి. పెళ్ళి ముందే జరిగింది, బిడ్డ తరువాతే పుట్టింది. పాట ఆ పెళ్ళి నాటికే వచ్చింది. తాళి కట్టగానే ఆమె అన్న ఆ పాట వేశాడు, ఊరంతా విన్నది. అంకె మార్చినవాణ్ణి నేను.