జువాలజీ సార్ వీపు మీద చెత్త చిట్టి

"సార్ మీద రాసుడు సార్ దగ్గర చదివినోళ్ల పని. నువ్వు టెంట్ల కూసున్నోడివి, క్లాసుల కాదు" అన్నాడు నిన్న మల్లేశ్. అది తప్పు. నేను టెంట్లో కూడా కూర్చోలేదు, నిలబడ్డాను.

మా జువాలజీ సార్ మొన్న తెల్లవారుజామున గుండె ఆగి పోయారు. పాత విద్యార్థులు ఆయన మీద చిన్న పుస్తకం వేస్తున్నారు. మల్లేశ్ నా దోస్తు, ఇంటర్లో సార్ శిష్యుడు. పుస్తకానికి పేజీలు పోగుచేసేది వాడే. నేను తొమ్మిదిలో బడి మానేసి సిద్దిపేట నుంచి చిన్నకోడూరుకు ఆటో నడుపుతున్నాను. నాకు పేజీ ఇస్తాడో ఇవ్వడో. రాయడమైతే రాస్తున్నాను. నేను సార్ శిష్యుణ్ణి అవునో కాదో చదివినవాళ్లే చెప్పండి.

తెలంగాణ కోసం సమ్మె నడిచిన రోజుల్లో కాలేజీ బంద్, నా ఆటో బంద్. సార్ కూడా సమ్మెలోనే ఉన్నారు. కానీ పిల్లల చదువు ఆగిపోతుందని దీక్ష టెంటు పక్కన రోడ్డు మీదే పాఠం మొదలుపెట్టారు. బోర్డు టెంటు గుంజకు వేలాడేది. భుజం మీది తువ్వాలతో బోర్డు తుడిచి, అదే తువ్వాలతో మొహం తుడుచుకునేవారు. పాఠం అయిపోయేసరికి మీసాలు తెల్లగా అయ్యేవి.

నేను తోచక అటూ ఇటూ తిరుగుతుంటే ఒకరోజు పిలిచారు. "ఏందిర బిడ్డా, కాళ్లల్ల చీమలు పట్టినయా? కూసునుడు రాకుంటే నిలవడి విను. చెవులు ఎట్లున్నా పనిచేస్తయి."

ఆ రోజు పాఠం ఎయిడ్స్ వైరస్ గురించి. వైరస్‌కు తన ఒళ్లు కట్టుకునే ప్రొటీన్లు కొన్ని ఉంటాయి. అవి కాక చిన్న చిన్నవి ఇంకొన్ని. ల్యాబులో కొన్ని కణాలలో అవి లేకున్నా వైరస్ పెరిగిందట. అందుకే మొదట్లో వాటిని అదనం అనుకున్నారట.

"అదనం అన్నరంటే, దాని పని ఇంకా సూడలేదన్నట్టు" అన్నారు సార్. చెప్పింది వైరస్ సంగతే, చూసింది మాత్రం నా వైపు.

రోడ్డు మీద వంటావార్పు చేసిన రోజు ఆ పాఠాన్ని ఆడించి చూపించారు. బగారన్నం వండే హుస్సేన్ చాచా కణంలో కావలి ప్రొటీన్. ఆ కావలి కొత్తగా పుట్టే వైరస్‌లోకి దూరి దాని రాతను చెడగొడుతుంది. నేను ఆ అదనపు ప్రొటీన్‌ని. చాచాను పక్కకు తప్పించాలి. నేను నేరుగా మీద పడ్డాను.

"ఆవో బేటా, గంటె రుచి సూపెడత!" అని చాచా గంటె ఎత్తాడు.

"కొట్లాడకుర! నీకంత బలమెక్కడిది?" అని సార్ నా చేతికి ఒక కాగితం ముక్క ఇచ్చారు. దాని మీద 'చెత్త' అని రాసి ఉంది. "ఇది వీపుకు అంటించు. తీస్కపోయేటోళ్లు వేరే ఉన్నరు."

కట్టెలు మోసుకొచ్చిన తోపుడు బండి కణంలో చెత్తబండి. మల్లేశ్, ఇంకొకడు దాన్ని తోసేవాళ్లు. నేను మెతుకులు రాసి చిట్టి పట్టుకొని పోయేసరికి అన్నం ఉడికే గంజు దగ్గర పొగ. ఆ రోజు అందరి భుజాల మీదా ఒకే రంగు తువ్వాల. వంగి ఉన్న వీపు కనబడగానే అంటించాను. తీరా చూస్తే అది ఉప్పు చూస్తున్న సార్ వీపు.

బండి తోసే ఇద్దరూ ఆగితే కదా! చిట్టి చూశారు, సార్‌ను ఎత్తి బండిలో వేశారు. "సార్, మీరు పొండ్రి, అన్నం నేను సూస్కుంట" అని చాచా కడుపు పట్టుకుని నవ్వాడు.

సార్ బండిలోంచే అరిచారు. "ఆపకుండ్రి! సూడుండ్రి, బండి కణానిదే, తోసేటోళ్లు కణం మనుషులే. వైరస్ తెచ్చింది చిట్టి అంటించేటోన్ని ఒక్కన్నే! ఇప్పుడు కావలోన్ని ఎట్ల కాపాడుతరు?"

"బండిని బంద్ జేయాలె సార్" అన్నాడు మల్లేశ్.

"చెత్త నిండి కణమే సస్తది."

నాకు తోచింది అన్నాను. "వీపుకు నూనె రాస్తే? చిట్టి అంటదు గద!"

సార్ బండిలోంచి దూకారు. "గదేర! కొన్ని కోతులల్ల గా కావలోని వీపు మీద ఒక్క ముక్కనే తేడా. మన వైరస్ చిట్టి దానికి అంటనే అంటదు. అసొంటి నూనె కోసమే పెద్ద పెద్ద ల్యాబులల్ల ఎతుకుతున్నరు!"

మల్లేశ్, నువ్వు నోట్సులో 'నూనె' అని రాసుకున్నావు, గుర్తుందా? "పరీక్షల గట్ల రాస్తే సున్నా వెడతరుర" అని సార్ తల పట్టుకున్నారు.

ఈ పొద్దున సార్ భార్య ఫోన్ చేసింది. "బిడ్డా, గా ఆట పాఠం గురించి ఎవ్వరడిగినా మా సారు 'ఆటో పిలగాన్ని అడుగుండ్రి, నాకంటె మంచిగ జెప్తడు' అంటుండె. ఇయ్యాల సంతాప సభల ఉపన్యాసాలొద్దు. నువ్వచ్చి గది జెప్పు" అన్నది.

ఇప్పుడే మల్లేశ్ కూడా చేశాడు. "యాడున్నవుర? హాల్ నిండింది."

బయట నా ఆటోలో సార్ సభకే పోవాల్సిన ఇంటర్ ఆడపిల్లలు తొమ్మిదిమంది ఇరుక్కున్నారు. చున్నీలు రెండు పక్కలా బయట ఎగురుతున్నాయి. నా సీట్లో కూర్చున్న పిల్ల హారన్ మీది నుంచి చెయ్యి తియ్యడం లేదు. పోవాలి.