అత్తగారు నొక్కాల్సిన బటన్

ప్రొద్దుటూరు అస్లాం చేసే పనేమిటో ఎవరికైనా చెప్పడం కష్టం. ఇంట్లో కూర్చుని ఇంకో ఊళ్లోని కంప్యూటర్‌ను నడుపుతాడు. మూలపడిన పాత కంప్యూటర్లకు లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి నాలుగు బడులకు ఇచ్చాడు. ఏది మొరాయించినా ఉన్నచోటి నుంచే బాగుచేస్తాడు. అత్తగారు సైదున్నీసాకు మాత్రం అల్లుడు పనీపాటా లేకుండా ఉన్నాడని దిగులు. ఆవిడ జమ్మలమడుగులో ఆ నాలుగింటిలో ఒక బడికి ఆయా. ఒక్కసారి తన పని ఆవిడ కళ్లారా చూస్తే చాలని అస్లాం ఆశ.

అస్లాం పులివెందులలో ఉండగా ఆ బడి నుంచే ఫోను వచ్చింది. పదో తరగతి హాల్ టికెట్లు ప్రింటు కావడం లేదు, నాలుగింటికి పిల్లలొస్తారు. అప్పటికి కాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామని చెప్పి, కరెస్పాండెంటు టీచర్లందరినీ తీసుకుని మీటింగుకు పోయాడు. ఆఫీసులో మిగిలింది అత్తగారే. బస్సెక్కితే రెండు గంటలు, ఉన్నది గంట.

లినక్స్‌కు మర్యాద ఎక్కువ. కంప్యూటర్ ముందున్న మనిషి సరే అననిదే ఎవరినీ లోపలికి రానివ్వదు. “అస్లాం ఈ కంప్యూటర్‌ను నడపాలనుకుంటున్నారు, అనుమతిస్తారా?” అని తెర మీద తెలుగులో అడిగేలా అతనే పెట్టాడు. అరనిమిషంలో బటన్ నొక్కాలి. ఎవరూ నొక్కలేదు. అయిదుసార్లు అడిగాడు, అయిదుసార్లూ అంతే.

అత్తగారు అల్లుడితో నేరుగా మాట్లాడదు. అందుకని ఇంట్లో ఉన్న భార్య సాజియాకు ఫోన్ చేశాడు. ఆమె తల్లిని కనుక్కుని తిరిగి చేసింది.

“మీ పేరు కనపడతానే మాయమ్మ లేసి, కొంగు కప్పుకోని, తలుపెనక్కి పోయి నిలబడుకుంటాందంట. అల్లుడొస్తే ఎదురుగా కూర్చుంటారా అంటాది” అని పకపకా నవ్వింది.

“నేను పులివెందుల్లో ఉండానని చెప్పు మే!”

“చెప్పినా. అల్లుడు నన్ను అనుమతి అడిగేదేంది, శానా తప్పు అని ఏడుస్తాండాది.”

నాలుగింటికి ఇంకా ఇరవై నిమిషాలే. అస్లాంకూ ఏడుపొక్కటే తక్కువ. చివరికి తెర మీది ప్రశ్నలో తన పేరు తీసేసి ‘సాజియా’ అని పెట్టి మళ్లీ అడిగాడు.

రెప్పపాటులో బటన్ నొక్కేసింది అత్తగారు. అస్లాం ఆత్రంగా ప్రింటర్‌ను సరిచేశాడు. టికెట్లు ఒక్కొక్కటే రావడం మొదలైంది, ఆవిడ కాగితాలు అందిస్తోంది. పెళ్లయిన మూడేళ్లకు మొదటిసారి, ఆ కంప్యూటర్ మైకు ద్వారా అత్తగారి గొంతు ధారాళంగా వినబడింది.

“నా తల్లే! ఎంత బాగా చేస్తాండావు మే సాజియా! నీ మొగుడు శానా మంచోడే, కాదనను. పాపం, పనే రాదు. ఊరికే కూర్చోబెట్టే బదులు ఇదన్నా నేర్పియ్యరాదా?”

అస్లాంకు ఒళ్లు మండింది. నోరు తెరవబోయి ఆగాడు. తన గొంతు వింటే ఆవిడ మళ్లీ తలుపు వెనక్కి పోతుంది, ఇంకా పదకొండు టికెట్లకు కాగితాలు పెట్టాలి.

తెర మీద మెల్లగా టైపు చేశాడు: “సరేమ్మా, నేర్పిస్తా.”