బాద్‌గీర్ గదిలో తంగేడు పువ్వు

మొన్న శుక్రవారం పొద్దున, బహ్రెయిన్ దేశపు అమ్వాజ్‌లో ఉండే మా చిన్నబిడ్డ నన్నూ మా ఆవిడనూ కారెక్కించుకుని, ముహర్రఖ్ పాతబస్తీలోని ఒక ముత్యాల వర్తకుడి ఇల్లు చూపిస్తానని బయలుదేరింది. పాపం, తానేదో కొత్త వింత చూపిస్తున్నానని దాని సంబరం. ఆ సందు మలుపు తిరిగేసరికి నేను సీటు అంచుకు జరిగి కూర్చున్నాను, ఎందుకంటే ఆ ఇంటిని నేను ముప్పై ఏండ్ల కిందనే నెత్తిన తట్ట పెట్టుకుని చూసినవాణ్ణి, దాని మేడగది గోడలో నా చేతి పని ఒకటి ఉండాలి. ఉందో, రాలిపోయిందో, ఎవరైనా చెక్కి పారేశారో తెలియదు, ఈ ముప్పై ఏండ్లలో ఆ సంగతి ఇంట్లో ఒక్కరికీ చెప్పలేదు కూడా.

నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు, మన జగిత్యాల దిక్కున గల్ఫ్‌లో ఏ దేశం పోయినా దుబాయి పోయిండనే అనేవాళ్ళు, నేనూ అట్లా బహ్రెయిన్‌కు దుబాయి పోయినవాణ్ణే. గుదైబియాలో ఒకే గదిలో పదిమందిమి ఉండేవాళ్ళం, నాకు వచ్చిన హిందీ మొత్తం కలిపితే పది మాటలు. ఆ ఇంటి మరమ్మతు పనిలో మొదటి నెలంతా వెనక ఎవరో తరవాత కట్టుకున్న సిమెంటు గదులు కూలగొట్టడమే మా డ్యూటీ, కాబట్టి గిరావ్, అంటే పడగొట్టు, అన్న మాట నాకు బాగా ఒంటబట్టింది.

ఒకనాడు మేడగదిలో ఉన్నాను. ఆ గది నెత్తిన నాలుగు పక్కలా సందులున్న ఒక బురుజు, అక్కడి నుంచి గాలి గదిలోకి దిగే చోట గోడకు గచ్చులో చెక్కిన పూల పలక. మలబారీ ఫోర్మన్ మెట్లు దిగిపోతూ ఆ బురుజు వైపు చెయ్యి చూపి, కమ్రా ఖలాస్, బాద్‌గీర్, అని ఒక కేక వేసి పోయాడు. గది పని అయింది, ఇక బాద్‌గీర్ సంగతి చూడమని ఆయన భావం. నా చెవికి మాత్రం, గది అయింది, బాద్ మే గిరావ్, తరవాత దాన్ని పడగొట్టు, అన్నట్టు వినబడింది. చెప్పిన పని చెప్పినట్టు చేసే బుద్ధిమంతుణ్ణి కదా, సమ్మెట ఎత్తి రెండు దెబ్బలు వేశాను. చేటంత పలక ఊడి నా కాళ్ళ ముందు పడింది.

సామాన్ దించడానికి వచ్చిన హైదరాబాదు డ్రైవర్ భాయ్ ఆ చప్పుడుకు పరుగెత్తుకొచ్చాడు. అది ఫార్సీ మాటనీ, బాద్ అంటే గాలి, గీర్ అంటే పట్టేదనీ, కరెంటు లేని కాలంలో ఈ ఇంటికి అదే ఫ్యాననీ చెప్పి, నేను విన్నదేమిటో తెలిశాక కడుపు పట్టుకుని నవ్వాడు. నాకు నవ్వెక్కడిది? కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఆయన చెవిన పడితే పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టి విమానం ఎక్కిస్తాడు, వచ్చి నాలుగు నెలలు కాలేదు, ఊళ్ళో మా ఆవిడ నన్ను దుబాయి మేస్త్రీ అని వాడంతా చెప్పుకుని మురిసిపోతున్నది.

నన్ను కాపాడింది ఆ గచ్చు పని చేసే ముసలి అరబ్బు ఉస్తాద్. గోడను చూసి ఏదో తిట్టాడు, తరవాత నా చేతులు తిప్పి చూశాడు. మా నాయన డంగుసున్నం పనివాడు, ఆయన వెంట చిన్ననాటి నుంచి సున్నంలో నానిన వేళ్ళు నావి, ఆ పగుళ్ళు ఉస్తాద్ గుర్తుపట్టాడు. యల్లా, ఇక పని పట్టు, అని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఫోర్మన్‌కు ఏం సర్దిచెప్పాడో గానీ మాట కఫీల్ దాకా పోలేదు. అక్కడి గచ్చు మన సున్నం లాగా ఓపిక పట్టదు, బీడీ తాగినంత సేపట్లో బిగిసిపోతుంది, ఆ లోపలే చెక్కాలి. మూడు రోజులు ఆయన చెక్కాడు, నేను కలిపిచ్చాను, చివరి పువ్వు నా చేతికి వదిలేశాడు. అన్నీ ఆరు రేకుల పూలు. ఊళ్ళో బతుకమ్మ దినాలు, మనసంతా అక్కడే ఉందేమో, నా చేతిలోంచి అయిదు రేకుల పువ్వు వచ్చింది. ఉస్తాద్ రేకుల మీద వేలు పెట్టి లెక్కబెట్టి, ఖమ్సా, అయిదు, అని నవ్వి, అట్లాగే ఉండనిచ్చాడు. డ్రైవర్ భాయ్ నోట కథంతా పాకి, ఆ సాయంత్రం నుంచి మా గదిలో నా పేరు పోయింది, అందరికీ బాద్‌గీర్‌నే.

మళ్ళీ మొన్నటికొస్తాను. మోకాళ్ళ నొప్పులు మరిచి మెట్లెక్కాను, తల ఎత్తాను. ఉంది! నా పువ్వు ఉంది! ఇల్లు చూపించే అమ్మాయి సరిగ్గా దానికే వేలు చూపుతూ, ఒక్క పువ్వుకే అయిదు రేకులెందుకంటే, లోపం లేనివాడు దేవుడొక్కడేనని ఆనాటి పనివాళ్ళు కావాలనే ఒక తప్పు వదిలేవారు అని చెప్పింది. మా బిడ్డ దాన్ని భక్తిగా తెలుగులో చెబుతుంటే మా ఆవిడ అడ్డుపడింది. "తప్పేందే? గిది తంగేడు పువ్వు గదా!"

ఇక ఆగలేకపోయాను. సమ్మెటతో మొదలుపెట్టి నాకు పడ్డ పేరు దాకా అంతా అక్కడే చెప్పేశాను. తల్లీబిడ్డలు నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు. ఆ అమ్మాయికి చెప్పేస్తానని బిడ్డ గంతులు వేసింది గానీ వద్దన్నాను, పువ్వు సంగతి చెబితే సమ్మెట సంగతీ చెప్పాలి కదా.

బురుజు సందులకు ఇప్పుడు అద్దాలు బిగించారు, గదిలో చల్లదనమంతా ఏసీది. ఉస్తాద్ ఉన్నాడో లేడో తెలియదు, డ్రైవర్ భాయ్ పోయి చాలా ఏండ్లయింది, గుదైబియా గదిలో నాతో పడుకున్నవాళ్ళు తలా ఒక ఊరు పట్టారు. ఊళ్ళో నేను మేస్త్రీని, ఇంట్లో తాతను, బాద్‌గీర్ అని పిలిచే గొంతు ఒక్కటీ మిగల్లేదని దిగులు పడుతూ ముందుగా మెట్లు దిగుతున్నాను. వెనక నుంచి, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతున్న మా ఆవిడ కేక వేసింది.

"ఓ బాద్‌గీర్! జర పట్టుకో, పడేటట్టున్న."