డబ్లిన్ వంటింట్లో ఇచ్చిన మాట

మా జట్టు లీగ్ గెలిచిన రోజు, గెలిచిన కోచ్ నెత్తిన కుమ్మరించడానికి కుర్రాళ్ళు ఐస్ నీళ్ళ డబ్బా ఎత్తుకుని వెనకనుంచి వస్తున్నారని హెడ్ కోచ్‌కి ముందే తెలుసు. తెలుసు కాబట్టే ఫోనూ కళ్ళద్దాలూ తీసి నా చేతికిచ్చాడు. తడవకుండా చూడమన్నాడు. నీళ్ళు ఆయన నెత్తిన పడ్డాయి, అందరూ ఆయన చుట్టూ మూగారు, ఫొటోలు తీశారు. ఆ ఫొటో ఇప్పటికీ కాలేజీ జిమ్ గోడమీద ఉంది. అందులో నేను ఒక మూల, రెండు చేతులూ ఛాతీకి ఆనించుకుని, రైల్వే స్టేషన్లో ఎవరి సామానుకో కాపలా కాస్తున్నవాడిలా ఉంటాను. ఒంటిమీద చుక్క నీరు ఉండదు.

ఇలాంటివి మర్చిపొమ్మని మా ఆవిడ అంటుంది. నేను మర్చిపోను. మర్చిపోతే లాభం ఎప్పుడూ అవతలివాడికే.

నేను ఒక చిన్న కాలేజీలో బేస్‌బాల్ అసిస్టెంట్ కోచ్‌గా పనిచేశాను. కాలిఫోర్నియా బే ఏరియాలో ఒక తెలుగువాడికి ఇదీ ఉద్యోగమేనంటే మనవాళ్ళు నమ్మరు. అంతకుముందు శాంటా క్లారాలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాణ్ణి. గ్రీన్ కార్డు వచ్చిన కొద్ది రోజులకే ఆ ఉద్యోగం పోయింది. అప్పటికే వారాంతాల్లో ఆ కాలేజీ మైదానానికి వెళ్ళి ఊరికే సాయం చేస్తూ ఉండేవాణ్ణి. గుంటూరులో చదువుకునేటప్పుడు కాలేజీ జట్టుకి ఎడంచేత్తో బౌలింగ్ చేశాను. బంతి వదిలేటప్పుడు మణికట్టు ఎలా తిరుగుతుందో చూస్తే ఆ చేతిలో ఎంత సత్తువుందో నాకు తెలుస్తుంది. క్రికెట్ అయినా బేస్‌బాల్ అయినా మణికట్టు మణికట్టే. హెడ్ కోచ్ అది గమనించి నన్ను చిన్న జీతానికి పెట్టుకున్నాడు. ఆ తర్వాత సన్నీవేల్‌లో ఎవరింటికి సత్యనారాయణ వ్రతానికి వెళ్ళినా ఏం చేస్తున్నారని అడగడం, నేను చెప్పడం, "అయితే డ్రిల్ మాస్టారన్నమాట" అని వాళ్ళు ప్రసాదం వైపు తిరగడం మామూలైంది. అన్న ప్రతి ఒక్కరి పేరూ గుర్తుంది. మర్యాదకి ఇక్కడ రాయడం లేదు.

అసిస్టెంట్ కోచ్ పనేమిటంటే, జట్టుకి కుర్రాళ్ళను తేవడం. ఆట రోజు ఎవరు ఆడాలో హెడ్ కోచ్ తేలుస్తాడు. కానీ ఎంచుకోవడానికి అక్కడ ఎవరుండాలో అంతకు రెండేళ్ళ ముందే తేల్చినవాడు అసిస్టెంటు. గుత్తివంకాయ కూర బాగుందని వండినవాళ్ళని మెచ్చుకుంటారు. బజారుకెళ్ళి పుచ్చులు లేకుండా లేతవి ఏరి తెచ్చినవాణ్ణి ఎవరడుగుతారు?

శనివారాలు మడత కుర్చీ కార్లో వేసుకుని హైస్కూల్ మైదానాలకి వెళ్ళేవాణ్ణి. మిగతా కాలేజీలవాళ్ళు వేగం కొలిచే గన్ పట్టుకుని అంకెలు చూసేవారు. నేను, బంతిని అవతలివాడు చితకబాదాక, విసిరిన కుర్రవాడు ఎటు చూస్తాడో చూసేవాణ్ణి. నేలవైపు చూసేవాడు వద్దు. తండ్రివైపు చూసేవాడు అసలే వద్దు. నచ్చినవాడు దొరికితే వాళ్ళింటికి వెళ్ళాలి. అసలు పని అక్కడుంటుంది. ప్రతి ఇంట్లోనూ మాట్లాడే మనిషి ఒకరు, తేల్చే మనిషి ఇంకొకరు ఉంటారు. మెక్సికన్ ఇళ్ళలో చాలాసార్లు అమ్మమ్మ. తెల్లవాళ్ళింట్లో ఒకసారి పెద్దక్క. ఆ తేల్చే మనిషిని పట్టుకోవడం హెడ్ కోచ్‌కి ఏనాడూ చేతకాలేదు.

బే ఏరియాలోనే ఉన్న డబ్లిన్ అనే ఊళ్ళో ఒక తెలుగు కుటుంబం. వాళ్ళబ్బాయి ఎడంచేతి పిచర్. పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడు, జట్టు భారమంతా వాడి మోచేతి మీద ఉంటుంది. అలాంటి మణికట్టు నేను మళ్ళీ చూడలేదు. పెద్ద కాలేజీలు వాణ్ణి సన్నగా ఉన్నాడని వదిలేశాయి. నేను ఆ ఇంటికి నాలుగైదుసార్లు వెళ్ళాక, చివర్లో హెడ్ కోచ్‌ని తీసుకెళ్ళాను. ఆయన బూట్లతోనే హాల్లోకి నడిచాడు. ఆ అబ్బాయి తల్లి ఆ బూట్లవైపు చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయన సోఫాలో కూర్చుని తండ్రికి కొత్త జిమ్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. తండ్రి ఒక చెవిలో ఆఫీస్ కాల్ పెట్టుకుని తలాడిస్తున్నాడు. నేను చెప్పులు గుమ్మం బయట విడిచి వంటింట్లోకి వెళ్ళాను.

ఆవిడ టీ వడకడుతోంది. మొదట్లో నన్ను సార్ అనేది. మూడోసారి వెళ్ళేసరికి అన్నయ్యగారూ అనడం మొదలుపెట్టింది.

"వాడికి ఇంజురీ అయితే చూసేదెవరు అన్నయ్యగారూ?" అంది. "వాడు నొప్పి అని నోటితో చెప్పడు. చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటాడు, అంతే. చిన్నప్పుడు జ్వరమొచ్చినా అదే. అది కనిపెట్టేవాళ్ళు ఉండాలి."

"నేను కనిపెడతానమ్మా."

"మీరుంటారా?"

"ఉంటాను."

"ఫోర్ ఇయర్సూ?"

"నాలుగేళ్ళూ ఉంటాను."

ఆవిడ టీ కప్పులు ట్రేలో పెట్టింది. "అయితే నాన్నకి సరే అని చెప్పమంటాను" అని కొడుకుని పిలిచింది. అంతే. ఆ కుర్రవాడు ఆ క్షణంలో మా జట్టులోకి వచ్చాడు.

తిరిగి వస్తుంటే కార్లో హెడ్ కోచ్ ఎంతో సంతోషంగా, తండ్రిని ఎలా ఒప్పించానో చూశావా అన్నాడు. నేను డ్రైవ్ చేస్తున్నాను. చూశానన్నాను.

రెండేళ్ళు ఆ కుర్రవాడు మాకు ఆడాడు. ఇంట్లో నన్ను అంకుల్ అనేవాడు, మైదానంలో కోచ్ అనేవాడు. ఆవిడ చెప్పింది నిజమే. మోచెయ్యి నొప్పి పెడితే వాడు గ్లవ్ చంకలో ఇరికించుకుని, కుడిచేత్తో ఎడమవైపు చొక్కా చెయ్యి కిందికి లాక్కునేవాడు. అది చూడగానే నేను ఆటగాళ్ళు కూర్చునే డగౌట్‌లో లేచి నిలబడి టోపీ తీసేవాణ్ణి. టోపీ తీస్తే ఇక చాలని అర్థం. హెడ్ కోచ్ వాణ్ణి మార్చేవాడు. అంతవరకూ ఆయన నా మాట విన్నాడని ఒప్పుకోవాలి. విన్నాడు కాబట్టే రెండో ఏడు లీగ్ గెలిచాం. ఆ తర్వాత ఊరి పేపరువాళ్ళు అడిగితే, ఆ సన్నటి కుర్రవాడిలో తనకి ఏదో కనిపించిందని చెప్పాడు. మణికట్టు అన్న మాట కూడా వాడాడు. ఆ మాట నాది.

ఆ గెలుపు చూసి వేరే రాష్ట్రంలోని పెద్ద కాలేజీ ఆయన్ని పిలిచింది. వెళ్ళిపోయాడు. ఏ ఇంటికీ ఏ మాటా ఇవ్వలేదు కాబట్టి తేలిగ్గా వెళ్ళాడు. నాకు పార్కింగ్ లాట్ నుంచి ఫోన్ చేసి చెప్పాడు. నన్నూ తీసుకెళ్తారా అని నేను అడగకముందే, నీకు ఇక్కడ కుటుంబం ఉంది, రావని నాకు తెలుసు అన్నాడు. నా తరఫున ఆలోచించే శ్రమ కూడా తనే తీసుకున్నాడు.

హెడ్ కోచ్ ఉద్యోగానికి నేను అప్లై చేశాను. జట్టులో సగానికి పైగా నేను తెచ్చినవాళ్ళే. ఇంటర్వ్యూ చేసిన క్రీడల డైరెక్టరు చాలా మర్యాదగా మాట్లాడాడు. నువ్వు ఇళ్ళల్లో అద్భుతంగా పనిచేస్తావు, కానీ ఇది బయట కనిపించే ఉద్యోగం అన్నాడు. నేను మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పాడు. అదే మర్యాదతో.

కొత్త హెడ్ కోచ్ వచ్చాడు, తన అసిస్టెంటుని వెంటబెట్టుకుని. ఈ దేశంలో అది రివాజు. పాతవాణ్ణి పంపించేస్తారు. డైరెక్టరు గదిలో నా ముందు పెట్టిన కాఫీ చల్లారకముందే పని అయిపోయింది. లేచేముందు నేను రెండు విషయాలు అడిగాను. కుర్రాళ్ళ ఇళ్ళకి నేనే ఫోన్ చేసి చెప్పుకుంటానన్నాను. అక్కర్లేదు, కాలేజీ తరఫున మెయిల్ వెళ్తుందన్నాడు. ఆ ఎడంచేతి కుర్రవాడి చొక్కా చెయ్యి సంగతి కొత్త కోచ్‌కి చెప్పండి అన్నాను. మాకు ట్రెయినర్లున్నారు, స్కానింగ్ ఉందన్నాడు.

మెయిల్‌లో నేను కొత్త అవకాశాలు వెతుక్కుంటూ కాలేజీని విడిచి వెళ్తున్నానని రాశారు. వెళ్ళగొట్టింది వాళ్ళు, వెళ్ళినవాణ్ణి నేను. డబ్లిన్‌కి ఫోన్ చేశాను. చాలాసార్లు చేస్తే ఆ అబ్బాయి తల్లి ఒకసారి ఎత్తింది.

"మెయిల్ వచ్చిందండీ కోచ్ గారూ" అంది. "మంచి ఆపర్చునిటీయే అయ్యుంటుంది."

కోచ్ గారూ అంది. అన్నయ్యగారు పోయాడు. జరిగిందంతా చెప్పాను. ఆవిడ అడ్డు రాకుండా వింది. చివరికి, "మీ చేతిలో లేనప్పుడు ఉంటానని ఎందుకన్నారు?" అంది.

దానికి జవాబు ఇప్పుడు చెప్తాను. స్కాలర్‌షిప్పు ఇచ్చేది కాలేజీ. జట్టులో చోటు ఇచ్చేది హెడ్ కోచ్. అసిస్టెంటు దగ్గర ఇవ్వడానికి ఉంటానన్న మాట తప్ప ఇంకేముంది? ఆ మాటతోనే ప్రతి ఇల్లూ సరే అంది. ఆ మాట మీదే కాలేజీ కప్పు గెలిచింది. మాట వాళ్ళకి పనికొచ్చినంతకాలం, దాన్ని నిలబెట్టుకునే హక్కు నీకుందా అని ఎవరూ నన్నడగలేదు. పోయాక మాత్రం తప్పినవాణ్ణి నేనే.

సరే. ఉంటానన్నాను కాబట్టి ఉన్నాను. ఆ సీజన్ మొదలవగానే టికెట్ కొనుక్కుని మైదానానికి వెళ్ళడం మొదలుపెట్టాను. సన్నీవేల్ నుంచి ప్రతి శనివారం. ఇంత పంతం ఎవరిమీద అని మా ఆవిడ అడిగింది. అందరిమీదా అన్నాను. స్టాండులో ఆ అబ్బాయి తల్లి నాకు రెండు వరసల ముందు కూర్చునేది. వెనక్కి తిరిగేది కాదు. నేను పలకరించలేదు.

మార్చి చివర్లో ఒక మధ్యాహ్నం, ఆట సగంలో, వాడు గ్లవ్ చంకలో పెట్టి చొక్కా చెయ్యి లాక్కున్నాడు. ఇంకో బంతి విసిరి మళ్ళీ లాక్కున్నాడు. డగౌట్‌లో కొత్త కోచ్ చూయింగ్ గమ్ నములుతూ చూస్తున్నాడు. ట్రెయినరు ఫోన్ చూసుకుంటున్నాడు. ఆవిడ సగం లేచి, అన్ని నెలల్లో మొదటిసారి వెనక్కి తిరిగి నావైపు చూసింది. నేను మెట్లు దిగి కంచె దగ్గరికి వెళ్ళి, వాడి మోచెయ్యి బాగాలేదు, మార్చమని చెప్పాను. కొత్త కోచ్ తల తిప్పకుండానే, సార్, ప్రేక్షకులు సీట్లలో కూర్చోవాలి అన్నాడు. పక్కనున్న అసిస్టెంటు, నా కుర్చీలో కూర్చున్నవాడు, నవ్వాడు.

కుర్రవాడు నావైపు చూశాడు. నేను టోపీ తీశాను.

వాడు కాసేపు బంతి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. తర్వాత బంతి నేలమీద పెట్టేసి, మోచెయ్యి చూపించుకుంటూ తనంతట తనే బయటికి నడిచి వచ్చేశాడు. అలా ఎవరూ చెయ్యరు. ఆ వారం డాక్టరు చూసి, లోపలి లిగమెంటు బాగా సాగింది గానీ తెగలేదు, ఆ రోజు ఇంకాసేపు విసిరి ఉంటే ఆపరేషనే అన్నాడు. నెలన్నర విశ్రాంతితో చెయ్యి బాగుపడింది. కానీ కొత్త కోచ్ వాణ్ణి మళ్ళీ ఆడించలేదు. స్టాండులో ఎవడో టోపీ తీస్తే వచ్చేసేవాణ్ణి నమ్మలేనని జట్టందరి ముందూ అన్నాడట.

ఆ సంగతి నాకు పార్కింగ్ లాట్‌లో ఆవిడే చెప్పింది. కారు తలుపు తెరిచి పట్టుకుని నిలబడి చెప్పింది.

"వాడి చెయ్యి నిలబడింది. అది మీవల్లే. వాడి ఆట పోయింది. అదీ మీవల్లే."

"ఉంటానన్నానమ్మా. ఉన్నాను కదా."

"మీరు ఉంటానన్నది ఇక్కడ కాదు కోచ్ గారూ" అంది. డగౌట్ వైపు చెయ్యి చూపించింది. "అక్కడ."

కారెక్కి వెళ్ళిపోయింది. ఆవిడన్నదాంట్లో తప్పు వెతికాను. దొరకలేదు. అందుకని మరీ కోపం వచ్చింది. ఆ మాట నాకు చెప్పాల్సిన అవసరం ఆవిడకి కల్పించినవాళ్ళు, ఒకడు వేరే రాష్ట్రంలో పెద్ద మైదానం చూసుకుంటున్నాడు, ఒకడు తన గదిలో కాఫీ తాగుతున్నాడు. ఆ మాట వినాల్సినవాళ్ళెవరూ ఆ పార్కింగ్ లాట్‌లో లేరు.

తర్వాతి శనివారం మళ్ళీ వెళ్ళాను. నాలుగేళ్ళన్నాను, ఇంకా ఉంది. వాడు డగౌట్ బెంచీ చివర, ఒకప్పుడు నేను కూర్చున్న చోటే, యూనిఫాం మడత నలగకుండా కూర్చుని ఉంటున్నాడు. ఆవిడ రెండు వరసల ముందు. గేటు దగ్గర టికెట్లు చూసే కుర్రవాడు ప్రతిసారీ ఎవరి తాలూకు అని అడుగుతాడు. జట్టు తాలూకు అంటాను. ముందు వరసలు కుటుంబాలవాళ్ళవి, మీరు వెనక్కి వెళ్ళండి అంటాడు. వెళ్ళి కూర్చుంటాను.