దోమ కూతకొచ్చిన సీజన్

2006 వానాకాలం. పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వైపు వెళ్లే రోడ్డు పక్కన ఒక డిగ్రీ కాలేజీలో నేను ఫిజికల్ డైరెక్టర్‌ని. పొట్టిగా పీడీ అంటారు. నా వెనక ‘పీడ’ అనేవాళ్లు కూడా ఉండేవారని నాకు తెలుసు. ఆ ఏడాది ఆ పేరు నిలబెట్టుకున్నాను. మా అమ్మాయిల కబడ్డీ జట్టును పడగొట్టడానికి అవతలి కాలేజీలు ఏళ్లుగా తంటాలు పడుతుంటే, ఆ పని నేనొక్కడినే, ఈల కూడా ఊదకుండా చేసి పెట్టాను. నీళ్లు కాపాడబోయి కీళ్లు పోగొట్టాను.

కబడ్డీ చూసేవాళ్లకు ఆట కనిపిస్తుంది గానీ నేల కనిపించదు. మాకు ముందు నేల. మట్టి కోర్టును రోజూ సాయంత్రం తడిపి, ఆరబెట్టి, మళ్లీ తడిపితేనే అది మెత్తబడుతుంది. లేదంటే మోకాళ్లు చెక్కుకుపోతాయి. మా దగ్గర బోరు నీళ్లు ఉండేవి, కానీ అవి లేత టీ రంగులో వచ్చేవి. ఆ నీళ్లతో తడిపిన రోజు అమ్మాయిలు ఆడటం కంటే గోక్కోవడం ఎక్కువయ్యేది. ఈ ఫ్యాక్టరీల బెల్టులో ఎవరినడిగినా చెప్పే సంగతే కాబట్టి సాగదీయను. నేను ట్యాంకర్ నీళ్లు తెప్పించి, ఎవరో కడిగి అమ్మిన నీలం డ్రమ్ములు కోర్టు పక్కన వరసగా నిలబెట్టి నింపుకునేవాణ్ణి. మూతలు తీసేశాను. వాన నీరు కూడా కలిస్తే కలవనీ అని. వాన వెలిసిన సాయంత్రాల్లో ఆ నీళ్లలో ఆకాశం కదలకుండా నిలబడేది. ఫ్యాక్టరీ గొట్టాల పొగ కూడా ఆ అద్దంలో మబ్బులాగే ఉండేది. నేను ఒక్కో డ్రమ్ము దగ్గర ఆగి, వంగి, నా మొహం చూసుకుని మురిసిపోయేవాణ్ణి. మొహం కింద ఏముందో చూడలేదు.

ఈ డ్రమ్ములకు నాకంటే పెద్ద అభిమాని ఒకాయన ఉండేవాడు, జువాలజీ లెక్చరర్ రామచంద్రం. ఆయన విద్యార్థులు వారానికోసారి టీ వడపోసే జాలీ, గాజు సీసా పట్టుకొచ్చి నా డ్రమ్ముల్లోంచి నీళ్లు తీసుకెళ్లేవారు. నీళ్ల స్వచ్ఛతను పరీక్ష చేస్తున్నారని నేననుకున్నాను. ఒకసారి స్టాఫ్‌రూమ్‌లో ఆయన్నే అడిగాను.

“ఎట్లున్నయి సార్, మన నీళ్లు?”

“ఫస్ట్ క్లాస్, పీడీ సాబ్. గింత మంచి నీళ్లు ఈ బెల్టుల యాడ దొరకయి.”

ఆ రోజు నేను ఇంటికి కాస్త ఎత్తుగా నడిచి వెళ్లాను.

ఇక స్వరూప సంగతి. మా జట్టు కెప్టెన్, ఫైనలియర్, చిట్కుల్ ఊరి అమ్మాయి. ఆమె రైడర్, అంటే కూత పెడుతూ అవతలి కోర్టులోకి వెళ్లి, ముట్టి, ఊపిరి తెగకముందే తిరిగి వచ్చే ఆటగత్తె. ఆమె నాన్న ఒకప్పుడు కౌలు రైతు, అప్పటికి మందుల కంపెనీలో హెల్పరు. కూతురి కోసం అదే కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో మాట చెప్పి ఉంచాడు. స్వరూపకేమో బీపీఎడ్ చేసి ఏదైనా బడిలో నాలాగా ఆటలు నేర్పాలని. యూనివర్సిటీ జట్టులో ఆడిన సర్టిఫికెట్ ఉంటే ఆ సీటుకు మార్కులు కలుస్తాయి. ఆ జట్టును కాలేజీల మధ్య పోటీల్లో ఎంపిక చేస్తారు.

“ఈ ఒక్క సీజన్ సార్,” అంది జూలైలో. “యూనివర్సిటీకి పోతే సరే, లేకుంటే కంపెనీల చేరుత అని నాయినకు మాటిచ్చిన. ఆయన మంచోడే. గని మాట మర్చిపోడు.”

“పోతవు. నేనున్న కదా,” అన్నాను. డ్రమ్ముల్లో ఏముందో అప్పటికి ఇద్దరికీ తెలియదు.

మొదట ఎడమ చివర నిలబడే మా లెఫ్ట్ కార్నర్ అమ్మాయి పడింది. జ్వరం రెండు రోజుల్లో పోయింది, నొప్పులు పోలేదు. తర్వాత ఒకేసారి ఇద్దరు. తర్వాత స్వరూప. చికున్‌గున్యా అన్న పేరు అప్పుడప్పుడే నోళ్లలో నలుగుతోంది. పేరులో కోడి వినిపించిందని కొందరు చికెన్ మానేశారు. నేనూ జట్టుకు చికెన్ మాన్పించాను, తప్పు ఎటునుంచీ మిగలకూడదని. పొగ వల్ల అన్నారు, వాగులో రంగు నీళ్ల వల్ల అన్నారు. నేనైతే కంపెనీలను రోజూ తిట్టి, తిట్టిన నోరు కడుక్కోవడానికి డ్రమ్ము దగ్గరికి వెళ్లేవాణ్ణి.

చూస్తుండగానే రోడ్డంతా నెమ్మదించింది. షిఫ్టు బస్సులు ఆగేవి, దిగేవాళ్లు దిగుతూనే ఉండేవారు. సైకిళ్లు తొక్కకుండా నడిపించుకుపోయేవారు. చాయ్ దుకాణం ముందు గ్లాసును రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, ఏదో మొక్కుకుంటున్నట్టు తాగేవారు. బిహార్ నుంచి వచ్చిన పనివాళ్లు, ఊళ్లో పాత కాపులు, కంపెనీ ఆఫీసర్లు, అందరిదీ ఒకటే నడక: నడుము వంచి, చేతులు కాస్త ముందుకు పెట్టి, నీళ్లలో నడుస్తున్నట్టు. సాయంత్రపు పసుపు వెలుతురులో దూరం నుంచి చూస్తే ఊరు ఊరంతా నిద్రలో ఎక్కడికో బయల్దేరినట్టుండేది.

తర్వాత నా వంతు వచ్చింది. జ్వరంలో కళ్లు మూసుకుంటే మా కోర్టు కనిపించేది. నేలకు జానెడు ఎత్తున, తడిగా, పరిచిన చాపలా తేలుతూ. చెవి దగ్గర ఎవరో కూత పెడుతున్నారు, సన్నగా, ఎక్కడా తెగకుండా. ఇంత దమ్మున్న రైడర్ ఏ కాలేజీ పిల్లబ్బా అనుకునేవాణ్ణి. వచ్చేది, ముట్టేది, గీత దాటి వెళ్లిపోయేది. పట్టుకుందామని చెయ్యి లేపితే వేళ్లు ముడుచుకునేవి కావు. మా వాళ్లు ఒక్కొక్కరే కోర్టు వదిలి బయట వరసగా కూర్చునేవారు, ఎవరి మొహంలోనూ బాధ లేదు.

“ఆలౌటు, ఆలౌటు అంటున్నవు. ఏం ఔటయింది?” అని మా ఆవిడ నుదుటి మీద తడిబట్ట మార్చింది.

“జట్టు మొత్తం,” అన్నానట.

లేచి కాలేజీకి వచ్చేసరికి సీజన్ చిందరవందరగా ఉంది. కొన్ని కాలేజీలు జట్లు పంపలేమన్నాయి. పోటీలు ఒకసారి వాయిదా పడ్డాయి, ఇంకోసారి పడ్డాయి. చివరికి యూనివర్సిటీ వాళ్లు, పరీక్షలు దగ్గర పడుతున్నాయి కాబట్టి మా జోన్‌కు ఒకటే రోజు, మా గ్రౌండ్‌లోనే, మాకూ సంగారెడ్డి కాలేజీకీ మ్యాచ్, అందులోంచే ఎంపిక అన్నారు. మ్యాచ్ మొదలవ్వాలంటే కోర్టులో కనీసం అయిదుగురు నిలబడాలి. లేకపోతే అవతలి వాళ్లకు వాకోవర్, అంటే ఆడకుండానే గెలుపు. ఆడని జట్టు పిల్లను సెలెక్టర్ చూడనే చూడడు. స్వరూప లేచింది గానీ, ఆమెతో కలిపి నిలబడగలిగేవాళ్లు నలుగురే.

ఆ ఆలోచనతోనే గ్రౌండ్‌కు వెళ్లాను, గోల్‌పోస్టు పట్టుకుని కాసేపు, గోడ పట్టుకుని కాసేపు. డ్రమ్ము దగ్గర జువాలజీ అమ్మాయి ఒకతె సీసా పట్టుకుని ఉంది. సీసాలో సన్నటి దారపు ముక్కల్లాంటివి తలకిందులుగా వేలాడుతూ, ఉండుండి మెలికలు తిరుగుతున్నాయి.

“ఇవేందమ్మా?”

“లార్వా సార్, దోమ పిల్లలు. ఈ దోమలే చికున్‌గున్యా తెస్తయంట. మురికి నీళ్లల్ల గుడ్లు పెట్టయి సార్, మంచి నీళ్లే గావాలె వీటికి. మా సార్ గందుకే ప్రాక్టికల్స్‌కు ఇక్కడికే పంపుతడు.”

నేను డ్రమ్ములోకి వంగి చూశాను. నా మొహం కనిపించింది. ఈసారి దాని కింద కూడా చూశాను.

రామచంద్రం జువాలజీ ల్యాబులో కుర్చీలో ఉన్నాడు. ఆయనకూ వచ్చి తగ్గింది. నేను ఎదురు కుర్చీలో కూలబడ్డాను.

“తెల్సి గూడ ఎందుకు చెప్పలే సార్?”

“మీరు అడిగితే గద. నీళ్లెట్లున్నయని అడిగిండ్రు. పురుగులున్నయా అని అడగలే.”

“నా పిల్లలంత మంచాల మీద ఉన్నరు.”

“నేను మాత్రం యాడున్న పీడీ సాబ్? చెప్పులేసుకునెటందుకు పావుగంట పడుతున్నది.” గొంతు తగ్గించాడు. “ప్రాక్టికల్స్ అయినంక చెప్దామనుకున్న. గంత దూరం వస్తదనుకోలే.”

కోపంతో లేచి వెళ్లిపోదామనుకున్నాను. కీళ్లు ఒప్పుకోలేదు. ఆయనా లేవలేకపోయాడు. అలా ఎదురెదురుగా, ఆయన కిటికీ దగ్గర పెట్టుకున్న అక్వేరియంలో రంగు తోకల చేపలు తిరగడం చూస్తూ చాలాసేపు కూర్చున్నాం. ఆ చేపలంటే ఆయనకు ప్రాణం. గప్పీలు అంటారట, దోమ పిల్లలను ఇష్టంగా తింటాయట. ఎవరినీ గాజు మీద వేలు పెట్టనిచ్చేవాడు కాదు.

స్వరూపకు నేనే చెప్పాను. డ్రమ్ముల దగ్గరికి తీసుకెళ్లి, చూపించి చెప్పాను. ఆమె వంగి నీళ్లలోకి చూసింది.

“మరి ఏం చేద్దామంటరు సార్?”

“పారబోస్త.”

“ఊకెనే పారబోస్తరా? కోర్టు రాయి లెక్కయింది. గీ మోకాళ్లతోని గా నేల మీద పడితే లేస్తమా? కోర్టులనే పొయ్యిర్రి. ఇన్ని రోజులు మనల్ని తిన్నయి, ఒక్కరోజు మనకు పనికి రానియ్యిర్రి.”

డ్రమ్ములు ఒరగదోసేంత బలం ఇద్దరికీ లేదు. మగ్గులతో తోడి పోశాం, సాయంత్రం దాకా. మట్టి పీల్చుకుంది. ఎక్కడా ఏదీ కదల్లేదు.

మ్యాచ్ రోజు సంగారెడ్డి వాళ్లు మినీబస్సులో వచ్చి, నేను షిఫ్టు బస్సుల దగ్గర చూసినట్టే, దిగుతూ దిగుతూ దిగారు. వాళ్లు ఆరుగురు. మేము నలుగురం. రిఫరీ గడియారం చూసుకుంటున్నాడు. స్వరూప గేటు వైపు చూస్తోంది తప్ప నా వైపు చూడటం లేదు. అప్పుడు మా లెఫ్ట్ కార్నర్ అనిత, అందరికంటే ముందు పడి అందరికంటే ఆలస్యంగా లేచిన పిల్ల, వాళ్ల నాన్న మోపెడ్ మీద వెనక కూర్చుని లోపలికి వచ్చింది. దించి కోర్టులో నిలబెట్టాం.

“ఉరుకుడు నాతోని కాదు సార్,” అంది.

“నిలబడు బిడ్డా, చాలు. నువ్వు అయిదోదానివి.”

అంత నెమ్మదైన కబడ్డీ నేను మళ్లీ చూడలేదు. రైడర్లు నడిచి వెళ్లేవారు, నడిచి వచ్చేవారు. డిఫెన్స్‌లో చెయ్యీ చెయ్యీ పట్టుకుని గొలుసు కట్టాలి. వేళ్లు ముడుచుకోక మణికట్లు ఆనించుకుని నిలబడ్డారు. ఒకరు పడితే రెండు జట్లూ కలిసి లేపాయి. జట్టు ఉంది గానీ పట్టు లేదు. గొట్టాల మీదుగా వచ్చే వెలుతురులో, తడి మట్టి వాసనలో, పన్నెండు పద్నాలుగు చేతులు గాలిలో ఆలస్యంగా తేలుతుంటే, నా జ్వరం ఇంకా దిగలేదేమో అనుకున్నాను.

తేడా ఒకటే, కూత. స్వరూప కూత. మోకాళ్లు వంగలేదు, మడమ తిరగలేదు, కానీ ఊపిరి మాత్రం ఎక్కడా తెగలేదు. ఆఖరి రైడ్‌లో ముగ్గురు ఆమె చుట్టూ చేతులు వేశారు. ఎవరి వేళ్లూ బిగియలేదు. ఆమె విదిలించుకోలేదు, కూత ఆపకుండా, వాళ్లను వెంటేసుకుని, మొక్కుబడికి నడుస్తున్నదానిలా నడుచుకుంటూ గీత దాకా వచ్చి దాటింది. సెలెక్టర్ రెండు మెత్తల మీద కూర్చుని ఉన్న పెద్దాయన. చప్పట్లు కొట్టబోయి, చేతులు నొచ్చి, తల ఊపాడు.

మ్యాచ్ ఓడిపోయాం. స్వరూపను స్టాండ్‌బైగా రాసుకున్నారు, అంటే జట్టులో ఎవరైనా తప్పుకుంటే పిలుస్తారు. మాటకు కట్టుబడిన పిల్ల కాబట్టి కంపెనీ ఉద్యోగం కాగితాలకు ఫొటోలు కూడా దిగింది. ఇంతలో హైదరాబాద్‌లో యూనివర్సిటీ క్యాంపు మొదలైంది, మా దగ్గర తగ్గిన జ్వరం అక్కడికి చేరింది. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ రాదని రామచంద్రమే చెప్పాడు. క్యాంపులో ఒక్కొక్కరే పడుకున్నారు. ముందే పడి లేచిన స్వరూపకు పిలుపు వచ్చింది. వేరే రాష్ట్రంలో పోటీలకు వెళ్లి ఆడి వచ్చింది. ఇప్పుడు గుమ్మడిదల వైపు ఒక బడిలో ఆటల టీచరు.

పిలుపు వచ్చిన రోజు నేను నోరు జారాను. “చూసినవా, మన డ్రమ్ములే నిన్ను కాపాడినయి.”

“గంత మాట అనకుర్రి సార్. పొద్దుగాల జడేసుకునెటందుకు ఇంకా చేతులు లేస్తలేవు నాకు.”

ఆ మాట తర్వాత నేను ఆ డ్రమ్ములకు ఏ పుణ్యమూ కట్టబెట్టలేదు. ఈ వ్యవహారం నాకు నేర్పింది పెద్ద విషయమేమీ కాదు. మురికిని అందరం దూరం నుంచే గుర్తుపడతాం. శుభ్రంగా కనిపించేదాన్ని మాత్రం ఒకసారి వంగి చూడాలి. వంగడం అప్పటికి ఎలాగూ అలవాటైంది.

మరుసటి వానాకాలం డ్రమ్ములు మళ్లీ నింపాను. కోర్టుకు నీళ్లు తప్పవు కదా. మూతలు పెట్టాను, అయినా నమ్మకం కుదరలేదు. రామచంద్రం పరీక్షల డ్యూటీలో ఉన్న ఒక మధ్యాహ్నం ల్యాబుకు వెళ్లి, కిటికీ దగ్గరి అక్వేరియంలోంచి సగం చేపలను బిందెలో పట్టుకొచ్చి, డ్రమ్ముకు కొన్ని చొప్పున వదిలాను. ఆయన్ను అడగలేదు. ఆయన నాకు చెప్పలేదు, నేను ఆయన్ను అడగలేదు, లెక్క సరిపోయింది.

ప్రాక్టికల్స్ రోజులు వచ్చాయి. పిల్లలు జాలీ ముంచారు. లార్వా ఒక్కటీ రాలేదు. బలిసిన గప్పీ ఒకటి రంగు తోక ఊపుకుంటూ పైకి వచ్చింది. దాన్ని సీసాలో పెట్టుకుని వాళ్ల సారు దగ్గరికి తీసుకెళ్లారు. కాసేపటికి రామచంద్రం ఆ సీసా చేత్తో పట్టుకునే గ్రౌండ్‌కు వచ్చాడు. డ్రమ్ము మూత తీసి చూశాడు. ఇంకో డ్రమ్ము చూశాడు. ఆయన చేపలు ల్యాబులో ఉన్నప్పటి కంటే బొద్దుగా, ఆకాశంలో ఈదుతున్నట్టు నెమ్మదిగా తిరుగుతున్నాయి.

నేను ఈల మెడలో సర్దుకుని పక్కన నిలబడ్డాను.

“ఎట్లున్నయి సార్, మన నీళ్లు?”

ఆయన సీసాలోని చేపను డ్రమ్ములోకి జాగ్రత్తగా వంపి, అది లోపలికి వెళ్లేదాకా చూసి, అప్పుడు అన్నాడు.

“ఫస్ట్ క్లాస్.”