నేను పుట్టించిన తేదీలు

మా ఊరి బడిలో నేను పనిచేసినన్నాళ్లూ పిల్లలందరూ జూన్ ఒకటో తేదీనే పుట్టారు. ఇందులో దైవలీల ఏమీ లేదు. బడి తెరిచే రోజుల్లో తల్లులు పిల్లల్ని తెచ్చి నా బల్ల ముందు నిలబెట్టేవాళ్లు. "ఎప్పుడు పుట్టినాడమ్మా?" అని అడిగితే, "యాడ గుర్తుంటాది సార్, శెనక్కాయ పెరికేటప్పుడు" అనేవాళ్లు. అడ్మిషన్ రిజిస్టరులో శెనక్కాయకు గడి లేదు. పిల్లవాడికి ఐదేళ్లు నిండి ఉండాలన్నది రూలు. నేను వెనక్కి ఐదేళ్లు లెక్కవేసి, జూన్ ఒకటి అని రాసేసేవాణ్ణి. నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఆ తేదీలు చూడడానికి నిజాల్లాగే ఉండేవి. అవి పుట్టిన తేదీలు కావు, నేను పుట్టించిన తేదీలు. ఊరి మంత్రసాని కంటే నా చేతిమీదే ఎక్కువమంది పుట్టారని చెప్పుకోవచ్చు.

రిటైరయ్యాక ఆ సంగతే మరిచిపోయాను. ఎక్కడో సముద్రాల అవతలి నుంచి పెట్టుబడి వచ్చి మా బడి గుట్టు బయటపెడుతుందని ఎవరనుకుంటారు?

మా ఊరికీ హైవేకీ మధ్య ఉన్న మెట్టభూముల్ని కొన్నేళ్ల కిందట ప్రభుత్వం తీసుకుంది. కాగితాల్లో ప్రత్యేక ఆర్థిక మండలి అన్నారు, నోటితో సెజ్ అన్నారు. సజ్జలు పండిన చోట సెజ్జు మొలిచిందని నేను ఒకరోజు టీ కొట్టు దగ్గర అంటే ఎవరూ నవ్వలేదు. అక్కడున్న నలుగురిలో ముగ్గురు భూములు పోయినవాళ్లని నాకు టీ తాగడం అయ్యాక తట్టింది. తర్వాత చాలా కాలం ఆ నేలలో కంచె, కంపచెట్లు, ఒక కాపలాదారు తప్ప ఏమీ లేవు. అప్పుడప్పుడు విదేశాలవాళ్లు కార్లలో వచ్చి చూసిపోయేవాళ్లు. వాళ్లు వచ్చే ముందురోజు రోడ్డు గుంతల్లో మట్టి పడేది. కరెంటు ఎన్ని గంటలు ఉంటుందని అడిగేవాళ్లు. బెంగళూరు విమానాశ్రయం ఎంత దూరమని అడిగేవాళ్లు. మా ప్రాంతానికి వచ్చి వాన గురించి అడగని మనుషుల్ని చూడడం నాకు అదే మొదలు. వాళ్లు ఇక్కడే ఆగుతారా, పక్క రాష్ట్రానికి పోతారా అని పేపర్లు రాస్తూ ఉంటే, మేం మబ్బుల్ని చూసినట్టే ఆ వార్తల్ని చూసేవాళ్లం.

చివరికి ఒక బూట్ల కంపెనీ నిలిచింది. ఏడాదిగా పొద్దున్నే బస్సు వచ్చి మా చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లను ఎక్కించుకుపోతోంది. వాళ్లలో సగం మంది నా దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లే.

ఆ కంపెనీలో ఒక మంచి అలవాటు ఉంది. ఎవరి పుట్టినరోజైతే వాళ్ల పేరు బోర్డు మీద రాసి, కేకు ముక్క పెట్టి, మధ్యాహ్నం నుంచి సెలవు ఇస్తారు. మొన్న జూన్ ఒకటో తేదీన కుట్టు సెక్షన్‌లో పేర్లు రాయడానికి బోర్డు చాల్లేదట. మధ్యాహ్నానికి మిషన్లన్నీ ఆగిపోయాయట.

ఆ వారంలోనే కంపెనీ నుంచి హెచ్.ఆర్. ఆఫీసరు మా ఇంటికి వచ్చాడు. కోస్తా వైపు మనిషి, మాట మర్యాదగా ఉంది. ఫైలు మాత్రం లావుగా ఉంది.

"అందరూ ఒకే రోజు పుట్టారేంటండీ మాస్టారూ?" అన్నాడు కూర్చుంటూనే. "మా మేనేజరు గారు విదేశీయురాలు కదా, ఆ రోజు మీవాళ్లకి ఏదైనా మంచి ముహూర్తమా అని అడుగుతున్నారు."

"ముహూర్తం పెట్టింది నేనే," అన్నాను.

నవ్వాడు. నవ్వుతూనే ఫైలు తెరిచాడు. మిగతావాళ్లతో పెద్ద ఇబ్బంది లేదట, ఏడాది అటైనా ఇటైనా వాళ్ల వయసు కంపెనీకి సరిపోతుంది. చిక్కల్లా ఒక్కరితోనే. ఏడాది కాంట్రాక్టు పూర్తయినవాళ్లను ఇప్పుడు పర్మనెంటు చేస్తున్నారు. ముప్పై నిండి ఉండకూడదన్నది షరతు. నా రిజిస్టరు ప్రకారం ఒకామెకు జూన్ ఒకటికి సరిగ్గా ముప్పై నిండాయి. లిస్టు శనివారం సంతకానికి పోతుంది.

ఆమె ఎవరో అతను చెప్పగానే నాకు గుర్తొచ్చింది. గొర్రెలు కాసుకునే ఇంటి పిల్ల. తల్లి కలుపు కూలికి పోతూ, బిడ్డను ఎక్కడ వదలాలో తెలియక బడికి తెచ్చింది. నాలుగేళ్లు కూడా లేవని చూస్తేనే తెలుస్తోంది. చేతిలో పలకను రెండు చేతులతో పొట్టకు ఆనించుకుంటే తప్ప మోయలేకపోయేది. కానీ ఆ సంవత్సరం పిల్లల సంఖ్య తగ్గితే మా బడిలో రెండో టీచరు పోస్టు ఎత్తేస్తామని పైనుంచి కాగితం వచ్చి ఉంది. నాకు లెక్కకు ఒక తల కావాలి. ఐదేళ్లు నిండినట్టు రాసుకున్నాను. పైగా తల్లికి ఉపకారం చేశానని కూడా అనుకున్నాను.

సాయంత్రం బస్సు దిగి ఆమే వచ్చింది, తల్లిని వెంటబెట్టుకుని.

"సార్, నేను ముసల్దాన్నయిపోయినానంట," అంది గడప దాటకముందే. "కుట్టు బాగుండాది, లీవులు పెట్టలే, అంతా బాగుండాది, వయసొక్కటే ఎక్కువంట. మీరు రాసిందేనంట గదా?"

"నేనే రాసినా."

"ఒక సంవత్సరం తక్కువ రాసింటే మీ సొమ్మేం పోయేది సార్?"

ఆమె భర్త నాలుగేళ్లుగా బెంగళూరులో సెంట్రింగ్ పని చేస్తున్నాడు. వాళ్ల మూడెకరాలు సెజ్‌లో పోయాయి. ఈమె పర్మనెంటయితే తిరిగొచ్చి ఇక్కడే ఆటో తోలుకుంటానన్నాడు. కాకపోతే ఈమే పెద్దబిడ్డను బడి మాన్పించి, చిన్నబిడ్డను చంకనేసుకుని, ఆ సైటు పక్కన రేకుల షెడ్డులోకి పోవాలి. ఇదంతా ఆమె చెప్పలేదు, తల్లి చెప్పింది. ఆమె గోడకు ఆనుకుని నిలబడి నా రిటైర్మెంటు ఫొటో చూస్తోంది.

బడిలో చేర్చుకున్న రోజు నేను ఓపిగ్గా అడగని ప్రశ్నను అప్పుడు తల్లిని అడిగాను. ఈ బిడ్డ అసలు ఎప్పుడు పుట్టింది?

"దానికేం సార్, బాగా గుర్తుండాది. మన చెరువు మరవ పారె సూడు, దానికి మూడో దినం. మంత్రసాని వంక దాటలేక అవతల గట్టునే నిలబడి కేకలేస్తాండె, ఇట్ల చెయ్యి, అట్ల చెయ్యి అని."

"మరి ఆ పొద్దు బడికాడ ఈ మాట చెప్పలేదేమ్మా?"

"నువ్వు యాడ అడిగితివి సార్? అయిదేండ్లు నిండినాయా అంటివి. ఊ అనమన్నట్ల నువ్వే తల ఊపితివి. ఊ అంటి."

మరవ అంటే చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు దాటిపోయే రాతికట్టు. మా చెరువు మరవ పారడం నా సర్వీసులో ఒక్కసారే చూశాను. వానలు బాగా కురిసే సీమల్లో ఇలాంటి గుర్తు దేనికీ పనికిరాదు. మాకు ఒక్కటే కాబట్టి పంచాంగం కంటే గట్టిది.

అసలు ఆ తేదీ నాకు కూడా తెలుసు. ఎలా తెలుసో మాత్రం ఎవరికీ చెప్పలేదు. మరవ పారిన రోజు పిల్లలందరూ కిటికీలకు అతుక్కుపోయారు. నిండిన చెరువును చూసినవాడు వాళ్లలో ఒక్కడూ లేడు. నేనూ చూడలేదు. పుస్తకం మూసి, బడికి తాళం వేసి, అందర్నీ వరుసగా చెరువుకట్ట మీదికి నడిపించాను. సరిగ్గా ఆ రోజే మండల విద్యాధికారి జీపులో తనిఖీకి వచ్చాడు. తాళం చూసి వెళ్లాడు. వారం తిరక్కముందే మెమో వచ్చింది. ఫలానా తేదీన చెరువు మరవ పారుచున్నదను కారణముతో, ముందస్తు అనుమతి లేకుండా పాఠశాల మూసివేసినందుకు సంజాయిషీ ఇవ్వవలసినదని. కింద సంతకం, దానిమీద గుండ్రటి ముద్ర. దాన్ని ట్రంకుపెట్టె అడుగున దాచాను. ఇంట్లో కూడా చెప్పలేదు.

ఇప్పుడు పెట్టె తెరిచి అందరి ముందూ బయటికి తీయాల్సి వచ్చింది. మా ఆవిడ ఆ కాగితాన్ని పైనుంచి కిందిదాకా చదివి నా వైపు చూసింది.

"ఊళ్లో పిల్లోళ్లందరికీ చెరువు చూపించినారు. నన్నెందుకు పిలవలేదు?"

ఆ సంజాయిషీ ఇంకా బాకీ ఉంది.

మెమో ఒక్కటే సరిపోదు. రిజిస్టరులోని తేదీ తప్పని, అది తెలిసే రాశానని నేను సంతకం పెట్టి ఇవ్వాలి. మరునాడు పొద్దున కాగితం ముందు వేసుకుని కూర్చున్నాను. పెన్ను కదల్లేదు. ఒక పక్క ఆమె పర్మనెంటు, ఇంకో పక్క నా పెన్షను. ప్రభుత్వ రిజిస్టరులో అబద్ధం రాశానని ఒప్పుకున్న రిటైర్డు టీచరును ఏం చేస్తారో నాకు తెలియదు. ఎవరినైనా అడిగి తెలుసుకోవాలన్నా భయమే. "పొరపాటున" అని మొదలుపెట్టి కొట్టేశాను. "అప్పటి పరిస్థితుల దృష్ట్యా" అని రాసి అదీ కొట్టేశాను. ఎంతోమంది పిల్లల చేత తప్పులు దిద్దించినవాణ్ణి, నా ఒక్క వాక్యం నాకు దిద్దుకోవడం రాలేదు.

మా ఆవిడ కాఫీ తెచ్చి, కొట్టివేతలు చూసింది. "ఆ పిల్ల మూడు దినాల్నుంచి మిషన్ మీద కూచుని సూదిలో దారం ఎక్కించలేకపోతాందంట. మీరు ఈడ మాటలు ఎంచుకుంటాండారా?"

అప్పుడు రాశాను. బడిలో పిల్లల సంఖ్య నాకు అవసరమై ఈమె వయసు పెంచి రాశాను, తప్పు నాది అని. ఒక్క వాక్యమే. చేతిరాత ఎప్పటిలా గుండ్రంగా రాలేదు.

హెచ్.ఆర్. ఆఫీసరు మళ్లీ వచ్చి దాన్ని రెండుసార్లు చదివాడు. "ఆ రాతా మీదే, ఈ రాతా మీదే. మొదటిది అబద్ధమంటున్నారు. రెండోది నిజమని ఎలా నమ్మమంటారండీ?"

"నన్ను నమ్మొద్దు. మెమోను నమ్మండి. అది నన్ను తిట్టినాయన రాసింది."

మెమో చదువుతుంటే అతని పెదవి కొంచెం వంకర తిరిగింది. రెండు కాగితాలూ ఫైల్లో పెట్టుకుని, "దీన్ని మేనేజరు గారికి ఇంగ్లీషులో ఎలా చెప్పాలో ఏంటో," అనుకుంటూ బండి స్టార్ట్ చేశాడు.

శనివారం బస్సు వచ్చేదాకా నేను వీధి అరుగు మీదే ఉన్నాను, పేపరు చదువుతున్నట్టు. ఆమె దిగి నేరుగా మా ఇంటికే వచ్చింది. మెడలో ఇంకా కంపెనీ కార్డు వేలాడుతోంది. లోపల జరిగింది అరుగు మీద కూర్చుని చెప్పింది. మేనేజరమ్మ అంతా విని, ఒక్కటే అడిగిందట. తను రోజూ కారులో చూస్తూ వచ్చే ఆ పెద్ద ఆటస్థలం చెరువా, అందులో ఎప్పుడైనా నీళ్లుంటాయా అని. ఉంటాయని ఆఫీసరు చెప్పాడట. ఈమెను అడిగితే ఈమె కూడా ఉంటాయనే చెప్పిందట. "నేను యాడ చూసినా సార్, అప్పటికి ఇంగా పుట్టలేదు గదా. ఐనా చెప్పినా." మేనేజరమ్మ కిటికీలోంచి ఓసారి బయటికి చూసి, సంతకం పెట్టిందట.

"ఇంగ మీకు పెన్షను ఆపేస్తారా సార్?"

"చూడాల."

"ఆపితే మా ఇంట్లో తిందురు లే. నా చిన్నబిడ్డను బడిలో ఏసేటప్పుడు మాత్రం మీ దగ్గర రాయించను."

మా ఆవిడ లోపలినుంచి గట్టిగా నవ్వింది. ఆ పిల్ల ఫోను తీసి బెంగళూరుకు, మొగుడికి చేసింది. అవతల కాంక్రీటు మిక్సర్ తిరిగే రొద మాకు కూడా వినిపిస్తోంది.

"ఏమయ్యా, సామాన్లు సర్దుకో... ఆ, అయింది... వయసా? తగ్గినాది... నీకు చెప్తే అర్థం కాదులే, వచ్చేయ్."

అతను ఏమన్నాడో రొదలో మాకు వినపడలేదు. ఆమె మాత్రం చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని, మాకు వీపు చూపించి, గోడవైపు తిరిగి నిలబడింది.